గోడ మీద ఇరవై తొమ్మిది

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు క్రిబేజ్ అనే పేకాటంటే ఇష్టమే గానీ, ఆ ఆట ఆడే మా వాళ్లని తల్చుకుంటే రోత పుడుతుంది. అందరినీ అనట్లేదు. ఆదివారం మధ్యాహ్నం మా ఊరు గాల్ కోవ్‌లో ఫైర్ స్టేషన్ హాల్లో చేరే జనంలో ఓ ముప్పాతిక మందిని అంటున్నాను. కాబట్టి ఈ కథ ఎటూ మొగ్గకుండా చెప్తానని ఆశ పెట్టుకోకండి. రోతతోనే మొదలుపెడుతున్నాను, పోనుపోను తగ్గుతుందని హామీ ఏమీ ఇవ్వలేను.

మార్నీ డెలోరీకి ఇరవై ఆరేళ్లు. హ్యూయీ మెకాస్కిల్‌కి ఉన్న, బోనులేసి లాబ్‌స్టర్లు పట్టే పడవ మీద పని చేస్తుంది. మే నెలలో వేట మొదలయ్యాక బోనులు లాగడం, ఎర కట్టడం, మళ్లీ నీళ్లలోకి దించడం. చలికాలమంతా ఆయన షెడ్డులో కూర్చుని ఆ బోనులకే వలలు అల్లడం. మా తీరంలో ఆడపిల్లని పడవ ఎక్కించుకునే కెప్టెన్లు అరుదు. ఎక్కించుకున్నా ఎర బకెట్ల దగ్గర కూర్చోబెడతారు. హ్యూయీ మాత్రం మొదటి ఏడాదే ఆమె చేతికి తాడు ఇచ్చాడు. "పిల్ల చెయ్యి గట్టిది, నోరు ఇంకా గట్టిది" అని రేవంతా చెప్పుకున్నాడు. క్రిబేజ్ నేర్పిందీ ఆయనే, గాలి ఎక్కువై పడవ కదలని రోజుల్లో, ఇంజన్ పెట్టె మీద పాయింట్ల పుల్లలు గుచ్చే బోర్డు పెట్టి. ఊళ్లో మార్నీ గట్టిగా గౌరవించే మనిషి ఎవరయ్యా అంటే ఆయనొక్కడే. అందుకే ఆయన బొటనవేలిని కూడా ఇన్నేళ్లు భరించింది.

ఆ బొటనవేలి గురించి చెప్పాలి. హ్యూయీ ముక్క వేసే ప్రతిసారీ బొటనవేలు నాలిక మీద పెట్టి తడి చేసుకుంటాడు. కొంచెం కాదు, కవరు అంటించేవాడిలా నిండుగా. ఆ తడితో ముక్క తీసి బల్ల మీద టప్పున కొడతాడు. హాల్లో పేకలన్నీ అందుకే ఉబ్బిపోయి, అంచులు బూడిద రంగుకి తిరిగి, ఒకదానికొకటి అంటుకుంటూ ఉంటాయి. దానికి తోడు రేడియేటర్ మీద ఆరేసిన ఉన్ని గ్లవ్స్ కంపు, పొద్దున్నించీ పళ్లెంలో చెమట పట్టిన గుడ్డు శాండ్‌విచ్‌లు. మార్నీ ప్రతి ఆదివారం ఇంటికెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. ఆట మాత్రం మానలేదు.

మార్చి నెలలో ఓ ఆదివారం వాళ్లిద్దరూ ఎదురెదురుగా ఆడాల్సొచ్చింది. రేవులో ఇంకా మంచు గడ్డలు కదల్లేదు. బల్ల చుట్టూ ఎవరూ లేరు. అందరూ అవతల కౌంటర్ దగ్గర, బెర్నడెట్ చౌడర్ అనే చిక్కటి చేపల సూపు గిన్నె మూత తీస్తే లైన్లో నిలబడ్డారు. బెర్నడెట్ అంటే ఈ హాలు తాళాలు, ఈ లీగు, ఆ వంటగది, ఊళ్లో సగం మంది గుట్టు, అన్నీ నడుముకి కట్టుకుని తిరిగే మనిషి.

హ్యూయీ ఆరేసి ముక్కలు పంచాడు. ఇద్దరూ చెరో రెండు ముక్కలు పక్కన పడేశారు.

"కొయ్యి పిల్లా. మంచిది కొయ్యి, నేను ముసలాణ్ణి."

"ముసలాళ్లకి చౌడర్ ఇస్తారు స్కిప్పర్, ముక్కలు కాదు," అంటూ మార్నీ కోసింది.

ఆయన పై ముక్క తిప్పాడు, ఇద్దరి లెక్కలోనూ కలిసే ముక్క అది. ఐదు. డైమను ఐదు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదున్నాయి. "ఐదు, ఎర్రది," అన్నాడు, మీసం కింద ఏదో దాచుకుంటున్నట్టు.

మార్నీ రాజు వేసింది, అంటే పది. ఆయన బొటనవేలు నాలిక మీదకెళ్లింది. ఆఠీను ఐదు టప్పున దిగింది. "పదిహేను. నాకు రెండు." ముక్క మధ్యలో ఆఠీను గుర్తు మీద తడి ముద్ర మెరుస్తోంది. మార్నీ చూపు తిప్పుకుంది. కానీ చూసింది.

మిగతా ముక్కలు దిగాయి. ముందు మార్నీ లెక్క చెప్పింది, నాలుగు పాయింట్లు, చెప్పుకోడానికి సిగ్గుపడే నాలుగు. అప్పుడు హ్యూయీ తన నాలుగు ముక్కలు విప్పాడు. మూడు ఐదులు, ఒక ఆఠీను జాకీ. కోసిన ఐదుని తీసుకొచ్చి వాటి నడుమ పడేసి, కుర్చీ వెనక్కి పడేలా లేచి అరిచాడు.

"ఇరవై తొమ్మిది!"

ఈ ఆటలో చేతికి ఇంతకు మించి రాదు. ఆయుష్షంతా ఆడి, ఒక్కసారి కూడా చూడకుండా పోయినవాళ్లు మా ఊరి శ్మశానం నిండా ఉన్నారు. ఇందులో ఒక మెలిక ఉంది, అది అర్థమైతే చాలు. నాలుగు ఐదులూ, ఒక జాకీ కలిస్తే ఇరవై ఎనిమిది, అది ఎటు తిప్పినా వస్తుంది. ఆ చివరి ఒక్క పాయింటూ ఎప్పుడొస్తుందంటే, కోసిన ఐదూ చేతిలో జాకీ ఒకే గుర్తువి అయినప్పుడు. ఆఠీను జాకీ పట్టుకున్నవాడికి ఆఠీను ఐదు కోతలో రావాలి. అది ముందే వాడి చేతిలో ఉండి, కోతలో ఇంకోటొస్తే ఇరవై ఎనిమిదితోనే సరి. ఆట అయిపోయాక ఆ ఐదు ముక్కలనీ వరసగా పేర్చి చూడండి. ఇరవై ఎనిమిదికీ ఇరవై తొమ్మిదికీ వెంట్రుకంత తేడా కనపడదు. కోసింది ఏదో ముక్కలు చెప్పవు. చూసినవాళ్లే చెప్పాలి.

ఆ అరుపుకి చౌడర్ లైను కూలిపోయింది. బల్ల చుట్టూ జనం. ఎవరో మార్నీ వీపు మీద గుద్దారు, ఆమెకే వచ్చినట్టు. ఎవరో తిక్కసన్నాసి గోడ మీద బటన్ నొక్కేశాడు, ఊరి మీద ఫైర్ సైరన్ కుయ్యిమంది. కాసేపటికి గార్నెట్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇతను మా వాలంటీర్ ఫైర్‌మెన్‌లో ఒకడు. హెల్మెట్ పెట్టుకుని, కుడి బూటు ఎడమ కాలికి వేసుకుని, "ఎక్కడ? ఎక్కడ మంట?" అంటున్నాడు.

"హ్యూయీ చేతిలో!" అని ఎవరో అన్నారు. హాలు పగలబడి నవ్వింది.

హ్యూయీ అప్పటికే బోర్డు మీద పుల్ల ఇరవై తొమ్మిది గుంటలు ముందుకి జరిపేశాడు.

ఆ గోలలో మార్నీ బుర్ర ఇంకా ఆఠీను ఐదు దగ్గరే ఉంది, ఆ తడి ముద్ర దగ్గర. రాజు మీద పడింది అది. అంటే అది చేతిలోది. అంటే కోసింది డైమను. ఆమె నోరు తెరిచేసరికి బెర్నడెట్ కాగితం, పెన్నూ తెచ్చి ముందు పెట్టింది. మా ఊళ్లలో రివాజు అది. ఇరవై తొమ్మిది పడితే ఆ ముక్కలు మళ్లీ పేకలో కలపరు. అద్దం వెనక పెట్టి గోడకి తగిలిస్తారు. కింద పట్టినవాడి సంతకం, ఎదురుగా ఆడినవాళ్ల సంతకం, పక్కనుంచి చూసినవాళ్ల సంతకం. పొరుగూరు పోర్ట్ ఆలన్ హాల్లో అలాంటిది ఒకటుంది. అక్కడికి టోర్నమెంటుకి వెళ్లిన ప్రతిసారీ దాని కిందే మా వాళ్లని కావాలని కూర్చోబెడతారు. గాల్ కోవ్ గోడ మీద మాత్రం ఓ చేప క్యాలెండరు, ఫ్యూజు బాక్సు.

"స్కిప్పర్," అంది మార్నీ మెల్లగా, "నా రాజు మీద మీరేసింది ఆఠీను ఐదు కదూ?"

హ్యూయీ ఆమెని చూశాడు. నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాయి. కళ్లద్దాలు దించుకుని ముక్కల వంక చూసి, మళ్లీ నుదుటి మీదకి తోసేశాడు.

"సంతకం పెట్టు పిల్లా. చౌడర్ చల్లారిపోతోంది."

"చేతులు కడుక్కొస్తా," అని మార్నీ లేచింది. వెనక తలుపులోంచి బయటపడి, కోటు గుండీలు పెట్టుకోకుండానే ఇంటిదాకా నడిచింది.

మర్నాడు షెడ్డులో ఇద్దరే. హ్యూయీ తలొంచుకుని చెక్కలకి మేకులు కొడుతున్నాడు. మార్నీ కాసేపు వల అల్లింది. తర్వాత సూది కింద పెట్టేసింది.

"అది డైమను."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే డైమనే. అరిచినప్పుడు తెలీదు, ప్రమాణంగా. ఎర్రగా కనపడింది, ఒళ్లు తెలీలేదు. నువ్వు అడిగాక చూశా." మేకు పళ్ల మధ్య పెట్టుకుని చెప్తున్నాడు. "నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

మార్నీకి తేలిగ్గా అనిపించింది. ఒప్పుకున్నాడు కదా, మనిషి మారలేదు. "అయితే బెర్నడెట్‌కి ఫోన్ చేసి చెప్పండి. నవ్వుతారు, ఓ పూట ఏడిపిస్తారు, అంతే. ఇరవై ఎనిమిదేమన్నా తక్కువా? మీరు ఇంకో జన్మెత్తినా రాదు."

"ఇరవై ఎనిమిదిని ఎవడన్నా గోడకి తగిలిస్తాడా?"

"తగిలించకపోతే పోనీ."

"చూడు, రూలు చెప్తా విను." హ్యూయీ సుత్తి పక్కన పెట్టాడు. స్కూలు మాస్టారులా వేలు ఎత్తాడు. తడి చేసుకునే ఆ వేలే. "ఎదుటివాడు ఎక్కువ లెక్క చెప్తే, పుల్ల కదిపేలోపల పట్టుకోవాలి. పట్టుకోలేదా, ఆ లెక్క నిలబడుతుంది. నువ్వు పట్టుకోలేదు. పుల్ల కదిలింది. రూలు ప్రకారం నాది ఇరవై తొమ్మిదే."

"అది పాయింట్లకి రూలు స్కిప్పర్. ముక్కలకి కాదు. మీరు పుల్ల కదిపితే డైమను ఆఠీను అయిపోతుందా?"

"నేర్పింది నేను. నాకు రూలు చెప్తోంది చూడు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూడగానే మార్నీకి మెడ వెనక ఏదో పాకినట్టయింది. ఎర బకెట్లో నెల రోజుల పాత హెర్రింగ్ చేపల్లోకి మోచేతిదాకా చెయ్యి పెట్టిన మనిషి ఆమె. అప్పుడెప్పుడూ ఇలా అనిపించలేదు.

"గార్నెట్ కొడుకు అడుగుతున్నాడు," అన్నాడు హ్యూయీ, మళ్లీ సుత్తి అందుకుంటూ. "మే నెలకి నా పడవ మీద చోటుందా అని."

"బెదిరిస్తున్నారా?"

"కబుర్లు చెప్తున్నా. షెడ్డులో కబుర్లు చెప్పుకోకూడదా?"

ఆ వారమంతా ఊరు మార్నీని తియ్యగా నమిలింది. పోస్టాఫీసులో, పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద. అందరూ భుజం తట్టేవాళ్లే. ఇంకా సంతకం పెట్టలేదటగా, ఎప్పుడు పెడతావ్, ఫ్రేము తెప్పించాం, చెర్రీ చెక్కట. శుక్రవారం బెర్నడెట్ ఆమెని కిరాణా కొట్టులో పట్టుకుంది, బంగాళాదుంపల దగ్గర మూలకి నెట్టి.

"ఏమే, చెయ్యి విరిగిందా? పెన్ను పట్టలేవా?"

"కోసింది డైమను బెర్నడెట్ గారూ. అది ఇరవై ఎనిమిది."

బెర్నడెట్ ఒక దుంప తీసి చూసి, మొలక ఉందని వెనక్కి పెట్టింది. ఆశ్చర్యపోలేదు. కోప్పడలేదు.

"ఒక్క పాయింటే కదే తల్లీ."

"ఒక్క పాయింటే. అదే కదా మొత్తం."

"ఆయనకి మోకాలు పోయింది, భార్య పోయింది. ఊరికి ఒక సంతోషం. పోర్ట్ ఆలన్ వాళ్ల ముందు ఈసారి తలెత్తుకుని కూర్చుంటాం. దీనివల్ల ఎవరి నోటి దగ్గర కూడు పోతోంది చెప్పు?"

"నిజం కాదని చెప్తున్నా కదా."

"నిజమా కాదా అని నేను నిన్ను అడిగానా?" బెర్నడెట్ ఇంకో దుంప తీసింది. "సంతకం పెడతావా, పెట్టవా అని అడిగాను."

మార్నీ ఏమీ కొనకుండా బయటికొచ్చింది. ఊరంతా అబద్ధాన్ని నమ్మి ఉంటే ఆమెకి జాలేసేది. అదేం లేదు. వీళ్లకి నిజం ఎటుందో కూడా అక్కర్లేదు. అద్దం వెనక ముక్కలుండాలి, కింద గీతల మీద పేర్లుండాలి. హ్యూయీకైనా కొంచెం సిగ్గుంది, అందుకే ఆ రూలు వెనక దాక్కున్నాడు. బెర్నడెట్‌కి అదీ లేదు. ఈ ఊళ్లో పుట్టి, ఈ దుంపలే తిని, తనూ ఇలాగే అవుతుందా? ఆ ఆలోచనకి ఆమె నోరంతా పులిసిపోయింది.

రెండు రాత్రులు ఆలోచించి మార్నీ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆదివారం అందరి ముందూ చెప్తుంది. గోల చెయ్యదు, ఏడవదు. కోసింది డైమను, రాజు మీద పడింది ఆఠీను, అందుకని నేను సంతకం పెట్టను, అంతే. పడవ మీద చోటు పోతే పోతుంది. చెప్పాల్సిన ముక్కలు దారంతా గొణుక్కుంటూ వెళ్లింది.

తలుపు తీసేసరికి ఫ్రేము గోడ మీదుంది.

చేప క్యాలెండరు తీసేశారు. చెర్రీ చెక్క ఫ్రేము, ఆకుపచ్చ గుడ్డ మీద ఐదు ముక్కలు, ఆఠీను ఐదు నట్టనడుమ, కోసింది అదేనన్నట్టు కొంచెం పైకి జరిపి. కింద కాగితం. హ్యూయీ సంతకం. బెర్నడెట్ సంతకం. "ఎదురుగా ఆడినవారు" అన్న గీతే లేదు. కాగితం మళ్లీ రాశారు. దాని బదులు "కళ్లారా చూసినవారు" అని రెండు గీతలు పెట్టారు. రెండో దాని మీద పేరు గార్నెట్.

మార్నీ దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత గార్నెట్ వైపు తిరిగింది. అతను కేకు తింటున్నాడు. కేకు మీద ఎర్ర క్రీముతో ఇరవై తొమ్మిది అంకె. అతని పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి.

"గార్నెట్, నువ్వు సైరన్ విని వచ్చావు."

"అవును."

"సైరన్ మోగింది ఆయన అరిచాక."

"అవును."

"మరి కోసింది ఎప్పుడు చూశావు?"

గార్నెట్ నమలడం ఆపి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అదే ఘోరం. "నేను అంతకుముందూ వచ్చాను మార్నీ. గ్లవ్స్ మర్చిపోయి ఓసారి వచ్చా కదా. అప్పుడే నువ్వు కోస్తున్నావ్. ఆఠీను ఐదు. నీ మొహం కూడా గుర్తుంది, తెల్లబోయావ్."

"బూట్లు అప్పుడు ఏ కాలికి ఏది వేసుకున్నావో గుర్తుందా?"

హాలు గొల్లుమంది. గార్నెట్ కూడా నవ్వాడు. ఎవరో కేకు ముక్క ప్లేటులో పెట్టి ఆమె చేతికిచ్చారు. ఆమె చెప్పొచ్చింది ఆ నవ్వులో కలిసిపోయింది, ఇంకో జోకు అన్నట్టు. అయినా ఆమె గొంతు పెంచింది. "కోసింది డైమను. నేను కోశాను. నాకు తెలుసు."

అప్పుడు హ్యూయీ లేచాడు. మోకాలు పట్టుకుని, మెల్లగా, చర్చిలో లేచినట్టు. ఆమె దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఓడిపోయిన బాధ అందరికీ ఉంటుంది," అన్నాడు, హాలు మొత్తానికీ. "నా దగ్గరే నేర్చుకుని, నా చేతిలోనే అంత పెద్ద దెబ్బ తింది. పిల్లది. నాకేం కోపం లేదు. మే నెలలో నా పడవ మీద దీని చోటు దీనిదే. అందరి ముందూ చెప్తున్నా."

చప్పట్లు కొట్టారు. బెర్నడెట్ కళ్లు తుడుచుకుంది. మార్నీ భుజం మీద ఆ బొటనవేలు కోటు గుండా తడిగా తగులుతున్నట్టే ఉంది. ఉద్యోగం పోతుందని సిద్ధపడి వచ్చింది, తిడతారని సిద్ధపడి వచ్చింది. క్షమిస్తారని మాత్రం అనుకోలేదు. చెయ్యని తప్పుకి, చేసినవాడే క్షమించడం. ఆమె కేకు ప్లేటుని రేడియేటర్ మీద, గ్లవ్స్ పక్కన పెట్టి బయటికొచ్చింది. రోడ్డు పక్క మంచులో వాంతి చేసుకుంది, ఏమీ తినకుండానే.

ఏప్రిల్ గడిచింది. రేవులో మంచు పోయింది. మార్నీ రోజూ షెడ్డుకి వెళ్లింది, పని చేసింది. హ్యూయీ ఎప్పటిలాగే ఉన్నాడు, టీ పోసిచ్చేవాడు, వాతావరణం గురించి తిట్టేవాడు. ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది. గోడ మీద తన పేరు లేదు కదా, అది చాలు. ఆయన చేసింది ఆయనకి తెలుసు. ఊరంతా మర్చిపోయినా ఆయనకి తెలుసు. లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంటుంది, మనిషన్నాక. ఆ మాత్రం చాలు ఆయనతో పడవ ఎక్కడానికి.

బోనులు దించే రోజుకి ముందు సాయంత్రం పడవ మీద బోనులు పేరుస్తున్నారు. రేవులో ఎవరూ దగ్గర్లో లేరు. హ్యూయీ ఈల వేస్తున్నాడు. మార్నీ తాడు చుట్ట సర్దుతూ, ఎగతాళిగా కూడా కాదు, పాత స్నేహంతోనే అంది.

"ఆ డైమను ఐదు నన్నింకా కలల్లోకి వచ్చి తంతోంది స్కిప్పర్."

"ఏ డైమను?"

"మీ ఇరవై తొమ్మిది."

హ్యూయీ ఈల ఆపాడు. ఆమె మొహంలోకి చూశాడు, జాలిగా. ఆ కళ్లలో ఆమె వెతికింది. షెడ్డులో మేకు పళ్ల మధ్య పెట్టుకుని ఒప్పుకున్న మనిషి కోసం వెతికింది. మెరుపు లేదు, తడబాటు లేదు, కన్నుకొట్టడం లేదు.

"ఇంకా అదేనా అమ్మాయ్? కోసింది ఆఠీను. నేను తిప్పా కదా, నా కళ్లతో చూశా. గార్నెట్ కూడా చూశాడు. నువ్వు కంగారులో ఏదో అనుకున్నావు. పోనీలే."

"షెడ్డులో మీరు చెప్పారు. డైమనే అన్నారు. నీకు తెలుసు, నాకు తెలుసు అన్నారు."

"నేనా?" హ్యూయీ నిజంగా ఆలోచించాడు. తల అడ్డంగా ఊపాడు. "నేనెందుకంటాను అలా?"

నటన అయితే ఆమెకి తెలిసేది. పేక చేతిలో ఉన్నప్పుడు ఆయన ఎలా నటిస్తాడో ఆమెకంటే బాగా ఎవరికీ తెలీదు. ఇది నటన కాదు. రెండు నెలలు రోజూ గోడ వైపు చూసి చూసి, ఎవరు అడిగితే వాళ్లకి చెప్పి చెప్పి, ఆయనలో ఆ డైమను కరిగిపోయింది. అది తెలిసిన రెండో మనిషి ఇక లేడు. మార్నీ చేతిలో తాడు వదిలేసింది.

"నేను రేపు రావట్లేదు స్కిప్పర్."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. వేరే మనిషిని చూసుకోండి. గార్నెట్ కొడుకు ఖాళీగానే ఉన్నాడు."

"ఒక్క పాయింటు కోసం?" ఆయన గొంతులో మొదటిసారి కోపం వచ్చింది. "ఐదేళ్లు పెట్టుకున్నా నిన్ను. నిన్ను ఇంకెవడు ఎక్కించుకుంటాడు ఈ తీరంలో?"

"తెలీదు."

"మరి?"

"రేపు వరసగా బోనులు నీళ్లలోకి పోతుంటే, నా కాళ్ల పక్కనుంచి తాడు పరిగెడుతుంది, కాలికి చుట్టుకుందా, నన్నూ నీళ్లలోకి లాక్కుపోతుంది. నేను కిందకి చూడలేను, చేతిలో బోనుంటుంది. స్టీరింగ్ చక్రం దగ్గర్నుంచి మీరు చూసి, కాలి దగ్గర తాడు లేదు పిల్లా, తొయ్యి అంటారు. నేను తోస్తాను. ఇన్నేళ్లూ అలాగే తోశాను." ఆమె కాళ్ల దగ్గర పడున్న తాడు వంక చూసింది. "మీరు అసలు కిందకి చూడకుండానే, చూశాను, తాడు లేదు అనుకుంటే? ఆ తర్వాత ప్రమాణం చేసి మరీ చెప్తారు, లేదు, తాడు లేనేలేదు, నా కళ్లతో చూశా అని. గార్నెట్ కూడా చూశాననే చెప్తాడు."

"నీకు పిచ్చెక్కింది," అన్నాడు హ్యూయీ.

"అయ్యుండొచ్చు," అని మార్నీ నిచ్చెన ఎక్కి రేవు మీదకొచ్చింది. గ్లవ్స్ విప్పి పడవలోకి విసిరేసింది. అవి ఆయన కొనిచ్చినవే.

ఇప్పుడు ఆమె పోర్ట్ ఆలన్ చేపల ఫ్యాక్టరీలో పీతల కాళ్లు విరిచే బల్ల దగ్గర నిలబడుతుంది. నీళ్లలో నానిన చేతులు, పొద్దుగూకేదాకా అదే పని, పడవ మీద గాలి తలపుకొస్తే మొహం ఎర్రబడుతుంది. మధ్యాహ్నం భోజనం వేళ అక్కడి ఆడవాళ్లు క్రిబేజ్ ఆడతారు. ఆమెనీ కూర్చోమన్నారు. కోత వచ్చిన ప్రతిసారీ మార్నీ ఆ ముక్క పేరు పైకి చెప్తుంది, కళావరు తొమ్మిది, ఇస్పేటు రాణి అని, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా. మొదట్లో వాళ్లు నవ్వారు. ఇప్పుడు వాళ్లూ చెప్తున్నారు.

గాల్ కోవ్ గోడ మీద ఫ్రేము అలాగే ఉంది. పోయినసారి నేను వెళ్తే, ఆ ఆట తను కూడా చూశానని ఇంకొకాయన నాకు చెప్పాడు. ఆ మార్చి నెలంతా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. నేను తల ఊపి చౌడర్ తిన్నాను. బాగుంది చౌడర్, ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి.

మీ దగ్గరా ఒకటుండే ఉంటుంది. క్లబ్బులోనో, ఆఫీసు హాల్లోనో, బంధువుల ఇంటి ముందు గదిలోనో, అందరూ చూశామనే ఒక ఇరవై తొమ్మిది. అది ఇరవై ఎనిమిదని తెలిసింది మీకొక్కరికే అయితే, అప్పుడు మీరేం చేశారో నాకు రాయండి. సంతకం పెట్టేసినా ఫర్వాలేదు, రాయండి. ఆ రోజు కోసిన ముక్క ఏదో మాత్రం సరిగ్గా చెప్పండి.